చమురు తెట్టు మీద పక్షుల లెక్క ఒడ్డున తేలదు

సంపాదకులకు నమస్కారం.

సముద్రంలో చమురు ఒలికినప్పుడల్లా పత్రికల్లో, టీవీల్లో ఒక అంకె వస్తుంది: ఫలానా తీరానికి ఇన్ని పక్షులు చచ్చి కొట్టుకొచ్చాయని. తర్వాత నివేదికల్లోకి, పరిహారం లెక్కల్లోకి అదే అంకె ఎక్కి కూర్చుంటుంది. సముద్రపక్షుల సర్వే పని తెలిసినవాళ్లుగా మేము చెప్పదలచుకున్నది ఒక్కటే. అది చనిపోయిన పక్షుల సంఖ్య కాదు. గాలి ఒడ్డువైపు వీచిన రోజుల్లో, కుక్కలూ కాకులూ గద్దలూ తినగా మిగిలి, ఎవరో ఒకరి కంటపడ్డ పక్షుల సంఖ్య మాత్రమే. అసలు లెక్క కావాలంటే మొదటి రెండు రోజుల్లోనే, తెట్టు ఉన్న చోటికే, పద్ధతి తెలిసిన మనుషులు పడవ మీద వెళ్లాలి.

ఎందుకంటున్నామో చెప్పడానికి ఒక ఉదాహరణ. 2004 నవంబరు 21న కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరానికి దాదాపు 350 కిలోమీటర్ల దూరంలో, టెర్రా నోవా అనే చమురు ఉత్పత్తి నౌక నుంచి సుమారు 1,65,000 లీటర్ల ముడిచమురు సముద్రంలో కలిసింది. మన రోడ్ల మీద తిరిగే పెట్రోలు ట్యాంకర్ లారీల లెక్కలో చెబితే ఓ డజను లారీలు. అంత దూరం నుంచి కళేబరాలు ఒడ్డుకు చేరతాయని ఆశించలేం. ఒడ్డు మీద వెతికి ఊరుకుంటే ‘పక్షులకు నష్టం లేదు’ అని రాసి ఫైలు మూసెయ్యవచ్చు. కానీ అక్కడి శాస్త్రవేత్తలు సముద్రం మీద చదరపు కిలోమీటరుకు ఎన్ని పక్షులున్నాయో పడవల మీంచి లెక్కించి, ఆ సాంద్రతను తెట్టు వైశాల్యంతో కలిపి చూశారు. 2007లో ప్రచురించిన వారి అంచనా ప్రకారం మర్, డవ్‌కీ అనే పక్షులే సుమారు 10,000 చనిపోయాయి. పెద్ద ప్రమాదాల జాబితాలో చోటు కూడా దక్కని ఒలుకు అది.

దీనికి అవతలి కొస మెక్సికో సింధుశాఖ. 2010 ఏప్రిల్ 20న డీప్‌వాటర్ హొరైజన్ అనే చమురు బావి తవ్వే రిగ్ పేలి, 87 రోజులపాటు బావి కక్కుతూనే ఉంది. తీరానికి 40 కిలోమీటర్లు దాటిన లోతు సముద్రంలో చనిపోయిన పక్షులు దాదాపు 2 లక్షలని 2014లో ఒక అంచనా వచ్చింది. అయితే ఆ అంచనా హద్దులు 36,000 నుంచి 6,70,000 దాకా ఉన్నాయి. హద్దులు అంత దూరం జరిగాయంటే, తెట్టు ఉన్న రోజుల్లో అక్కడ పక్షులెన్ని ఉన్నాయో, ఎన్ని కళేబరాలు మునిగాయో సూటిగా కొలిచిన సమాచారం అంత పలుచనన్నమాట. లెక్కించాల్సిన రోజుల్లో లెక్కించకపోతే తర్వాత ఏ గణితమూ దాన్ని పూడ్చలేదు.

ఇది మనకు దూరపు సంగతి కాదు. విశాఖలో రేవు, రిఫైనరీ ఉన్నాయి. కృష్ణా-గోదావరి బేసిన్లో సముద్రపు బావులున్నాయి. చెన్నై పక్కన ఎన్నూరు దగ్గర 2017 జనవరి 28న రెండు నౌకలు ఢీకొని ఫర్నెస్ ఆయిల్ అనే చిక్కటి ఇంధన చమురు ఒలికింది. అదే ఎన్నూరు క్రీక్ అనే సముద్రపు పాయలోకి 2023 డిసెంబరులో, మిచౌంగ్ తుపాను వరదతో కలిసి చమురు వచ్చి గూడబాతుల రెక్కలకు అంటింది. ఆ క్రీక్‌కీ పులికాట్‌కీ బకింగ్‌హామ్ కాలువతో లంకె ఉంది. పులికాట్ పక్కనే మన నేలపట్టులో గూడబాతులు గూళ్లు పెడతాయి. 2025 మే 25న కేరళ తీరంలో ఎంఎస్‌సీ ఎల్సా-3 మునిగినప్పుడు దాని ట్యాంకుల్లో 367 టన్నుల ఫర్నెస్ ఆయిల్, 84 టన్నుల డీజిల్ ఉన్నాయి. అది రుతుపవనాలు దిగుతున్న వారం. సముద్రపక్షుల లెక్కకు అంతకంటే కష్టమైన సమయం లేదు, అంతకంటే అవసరమైన సమయమూ లేదు.

మన తీరంలో ఒడ్డు లెక్క ప్రత్యేకించి ఎందుకు మోసం చేస్తుందో చెప్పాలి. నీటి మీద తేలే చమురు ప్రవాహంతో పాటు కదులుతూ, దానికి తోడు గాలి వేగంలో దాదాపు 3 శాతం వేగంతో గాలివాటున జరుగుతుంది. గంటకు 30 కిలోమీటర్ల గాలి ఒక్క రోజు వీస్తే గాలి వల్లే 20 కిలోమీటర్లకు పైగా పోతుందన్నమాట. కళేబరాలదీ ఇంచుమించు అదే దారి. మన తీరపు ప్రవాహం ఫిబ్రవరి నుంచి మే దాకా ఉత్తరానికి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి సాగుతుంది. నైరుతి గాలులు తేలేదాన్ని తీరం వెంబడి ఈశాన్యానికి, లోపలి సముద్రంలోకి తోసేస్తాయి. జులైలో కాకినాడకు ఎదురుగా చనిపోయిన పక్షి ఉప్పాడ ఒడ్డున దొరుకుతుందని ఎదురుచూడటం వృథా. పైగా చమురు పట్టిన కళేబరం కొన్నాళ్లకు నీరు పీల్చి మునిగిపోతుంది. ఒడ్డుకు చేరినది కూడా రాత్రికి రాత్రే కుక్కల పాలవుతుంది, లేదా పోటు తెచ్చిన ఇసుకలో పూడిపోతుంది.

ఇక సర్వే సంగతి. ఉత్తర ఐరోపాలో 1980లలో స్థిరపడి, కొద్ది మార్పులతో కెనడా వంటి చోట్లకు పాకిన పద్ధతి ఇది. పడవ ఒకే దిశలో నిలకడగా 8 నుంచి 10 నాట్ల (గంటకు సుమారు 15-18 కిలోమీటర్ల) వేగంతో సాగాలి. పరిశీలకుడి కన్ను నీటికి కనీసం 5 మీటర్ల ఎత్తున ఉండాలి. మర బోటు క్యాబిన్ పైకప్పు మీద ఆ ఎత్తు వస్తుందో లేదో జెట్టీ దగ్గరే తాడు వేసి కొలుచుకోవాలి, అంచనా వేయకూడదు. బోటు ముక్కు నుంచి పక్కదాకా 90 డిగ్రీల మేర, ఎండ తళుకు తక్కువగా ఉన్న ఒక్క వైపే చూడాలి. లెక్కలోకి వచ్చేది 300 మీటర్ల వెడల్పు పట్టీ. దాన్ని 0-50, 50-100, 100-200, 200-300 మీటర్లుగా విడగొడతారు. ఐదు నిమిషాలకొక విడత. 8 నాట్ల వేగంతో ఐదు నిమిషాల్లో పడవ 1.23 కిలోమీటర్లు పోతుంది కనుక ఒక్కో విడతలో చూసిన వైశాల్యం సుమారు 0.37 చదరపు కిలోమీటర్లు.

అందరూ తడబడేది దూరం దగ్గరే. నీటి మీద 300 మీటర్లు ఎంతో కంటితో చెప్పగలననుకునేవారు మొదటి రోజు 200కీ 450కీ మధ్య ఎక్కడైనా చెబుతారు. దీనికి మామూలు ప్లాస్టిక్ స్కేలు చాలు. కంటికి 60 సెంటీమీటర్ల దూరంలో స్కేలును నిటారుగా పట్టుకుని, దాని పై అంచును ఆకాశం నీళ్లు కలిసే గీతకు ఆనించాలి. కన్ను నీటికి 10 మీటర్ల ఎత్తున ఉంటే, ఆ గీత నుంచి 2 సెంటీమీటర్లు కిందికి 300 మీటర్ల హద్దు, 3 సెంటీమీటర్ల దగ్గర 200, 6 దగ్గర 100, 12 దగ్గర 50. కన్ను ఎత్తు 5 మీటర్లే అయితే ఈ కొలతలన్నీ సగం. సూత్రం తేలిక: స్కేలు దూరాన్ని కన్ను ఎత్తుతో గుణించి, కావలసిన దూరంతో భాగించడమే. చెయ్యి ఒకసారి చాచి ఒకసారి ముడిస్తే లెక్క మారిపోతుంది కాబట్టి స్కేలుకు 60 సెంటీమీటర్లు నిలిచేలా ఒక దారం కట్టి మెడలో వేసుకోవాలి. ఇంకో చిక్కు: ఒడ్డుకు దగ్గరగా ఉండి, వెనక నేల కనిపిస్తుంటే నీటి అంచును సముద్రపు అంచనుకుని స్కేలు ఆనిస్తారు. ఒడ్డు 2 కిలోమీటర్లలో ఉంటే, 10 మీటర్ల ఎత్తు నుంచి 300 మీటర్లనుకున్నది నిజానికి 260 మాత్రమే అవుతుంది.

నీటి మీద కూర్చున్న పక్షులను వరసగా లెక్కించవచ్చు. ఎగిరేవాటిని అలా లెక్కిస్తే సంఖ్య ఉబ్బిపోతుంది. పడవ గంటకు 15 కిలోమీటర్లు పోతుంటే గల్ అనే సముద్రపక్షి 40 కిలోమీటర్లు ఎగురుతుంది. ఐదు నిమిషాల్లో పట్టీలోకి వచ్చిపోయినవన్నీ కలిపితే ఏ ఒక్క క్షణంలోనూ అక్కడ లేనన్ని పక్షులు కాగితం మీద పుట్టుకొస్తాయి. అందుకని ఎగిరేవాటికి ఫొటో తీసినట్టు ఒక్క క్షణం చూసి, ఆ క్షణంలో పట్టీలో ఉన్నవాటినే రాయాలి. పడవ 300 మీటర్లు సాగడానికి పట్టే సమయానికి ఒకసారి చొప్పున: 10 నాట్లకు నిమిషానికి ఒకసారి, 8 నాట్లకు 73 సెకన్లకు ఒకసారి. మధ్యలో ఎంత పెద్ద గుంపు దాటినా లెక్కలో వేయకూడదు, పక్కన విడిగా రాసుకోవచ్చు. కొత్తవారికి ఇది మనసొప్పదు. సర్వే నాణ్యత నిలిచేదీ పడిపోయేదీ ఇక్కడే.

పడవ వెంట పడే పక్షులు మరో బెడద. ట్రాలరు కనబడితే వల తీస్తారేమోనని గల్‌లు, పైనుంచి దూకి చేప పట్టే టెర్న్‌లు వెనకే వస్తాయి. సర్వే రోజు వల తడపకూడదు, చేప వ్యర్థాలు నీళ్లలో వేయకూడదు, కళాసీల భోజనం మిగులు కూడా. ఈ సంగతి సరంగుకు బయలుదేరేముందే చెప్పాలి. అయినా వెంటపడితే ‘వెంట వచ్చినవి’ అని గుర్తు వేసి సాంద్రత లెక్క నుంచి తీసేయాలి.

ఒకరు చూడాలి, ఒకరు రాయాలి. చూసేవాడే రాస్తే తల దించిన ప్రతిసారీ పక్షులు తప్పిపోతాయి. రెండు గంటలకొకసారి మనిషి మారాలి. ప్రతి విడతకూ మొదలు, చివర జీపీఎస్ స్థానం, సమయం, వేగం, దిశ, గాలి, కెరటాల స్థితి, తళుకు రాయాలి. పక్షి ఒక్కటీ కనబడని విడతను తప్పనిసరిగా సున్నాతో రాయాలి. సున్నాలు రాయని సర్వే ఎంత శ్రమపడి చేసినా పనికిరాదు. తెల్ల నురుగు నీటినిండా లేచే గాలి వస్తే ఆపేయడమే మంచిది. నురుగు మధ్య చిన్న పక్షి కనిపించదు, కనబడలేదు కాబట్టి లేదని లెక్క తేలుతుంది.

చమురు అంటిందా లేదా అన్నదానికి మూడు గడులుండాలి: అంటింది, అంటలేదు, చెప్పలేం. ఈ మూడోది లేని ఫారాలు అసలు వాడకూడదు. గోధుమతల గల్ పొట్ట తెలుపు, మరక ఇట్టే కనబడుతుంది. విల్సన్ స్టార్మ్ పెట్రెల్ సంగతి అలా కాదు. దక్షిణార్ధగోళం నుంచి మన వేసవి, వానాకాలాల్లో వచ్చే ఈ చిన్న నల్లని పక్షి నీటికి ఆనుకుని, కాళ్లతో నీటిని తడుతూ మేస్తుంది. చమురు తగిలే అవకాశం అన్నిటికన్నా దానికే ఎక్కువ, తగిలినట్టు కంటికి కనబడే అవకాశం అన్నిటికన్నా తక్కువ. దాన్ని ‘అంటలేదు’ గడిలో వేస్తే ఆ జాతి మొత్తానికి నష్టమే లేదని తేలుతుంది. అలాగే టెర్న్‌లు నీటి మీద అరుదుగా కూర్చుంటాయి. తేలే దుంగ, థర్మోకోల్ ముక్క, వల బెండు మీద వాలతాయి. గాలి, ప్రవాహం కలిసి చెత్తను పోగుచేసే వరసల్లోకే చమురూ చేరుతుంది. ఆ వరసలను పడవ దాటిన చోటు జీపీఎస్‌లో గుర్తించి తీరాలి.

పలుచటి పొరను తేలిగ్గా తీసుకోకూడదు. నీటి మీద చమురు రంగును బట్టి మందం అంచనా వేసే పట్టిక అంతర్జాతీయంగా వాడుకలో ఉంది. వెండిలా మెరిసే బూడిదరంగు పొర 0.04 నుంచి 0.3 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), ఇంద్రధనుస్సు రంగులైతే 0.3 నుంచి 5, లోహంలా మెరిస్తే 5 నుంచి 50. ఇంద్రధనుస్సు రంగులు కనబడ్డాయంటే చదరపు కిలోమీటరుకు కనీసం 300 లీటర్లున్నట్టే. కేవలం 0.1 మైక్రాన్ పొర కూడా ఈకల అల్లికను దెబ్బతీస్తుందని 2010లో ప్రచురించిన ప్రయోగాల్లో తేలింది. ఈక నూగులు ఒకదానికొకటి కొక్కేల్లా పట్టుకుని ఉండబట్టే నీరు లోపలికి దిగదు. ఆ పట్టు వదిలితే పక్షి తడిసి బరువెక్కుతుంది, ఒంటి వేడి పోతుంది, శుభ్రం చేసుకోబోయి చమురు మింగుతుంది. మన సముద్రం వెచ్చన కదా అని ధైర్యం చెప్పుకునేవాళ్లున్నారు. వెచ్చటి నీటిలో చలికి చావడం ఆలస్యమవుతుందంతే. తేలలేకపోవడం, విషం ఎక్కడం ఆగవు.

ఏ గీతల వెంట పడవ నడపాలన్నదానికి హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ సాయం ఉంది. చమురు ఎటు కదులుతుందో అంచనా ఇచ్చే సేవ వారి దగ్గర ఉంది. ఆ అంచనా పటం మీద సమాంతర గీతలు గీసుకుని, ప్రతి గీతా శుభ్రమైన నీటిలో మొదలై, తెట్టును అడ్డంగా కోసి, అవతల శుభ్రమైన నీటిలో ముగిసేలా చూసుకోవాలి. తెట్టులో మాత్రమే తిరిగితే పోల్చడానికేమీ ఉండదు. మరుసటి రోజు తెట్టు జరిగి ఉంటుంది. పాత గీతల్లో కొన్నిటిని మళ్లీ నడుపుతూ కొత్తవి కలపాలి.

తాజా ముడిచమురు దగ్గరికి గాలి వచ్చే వైపు నుంచే వెళ్లాలి. బెంజీన్, హైడ్రోజన్ సల్ఫైడ్ ఆవిర్లు ఉంటాయి. గ్యాస్ మీటరు లేకుండా, కోస్ట్ గార్డ్ అనుమతి లేకుండా పోకూడదు. హైడ్రోజన్ సల్ఫైడ్ 10 పీపీఎం (గాలిలో పది లక్షల పాళ్లకు 10 పాళ్లు) చూపిస్తే వెనక్కి తిరగాల్సిందే. ఇంజను చల్లబరిచే నీటిగొట్టం చమురును పీలిస్తే పడవ తెట్టు మధ్యలోనే ఆగిపోతుంది. చమురును చెదరగొట్టే మందు చల్లుతున్న చోటికి పడవ పోకూడదు. ఆ మందు కూడా ఈకల తడి కాపును పోగొడుతుంది కనుక ఎక్కడ, ఎప్పుడు చల్లారో మాత్రం రాసుకోవాలి.

లెక్క ఎలా కట్టాలో ఒక ఊహా ఉదాహరణతో. 20 విడతల్లో 7.4 చదరపు కిలోమీటర్లు చూసి, నీటి మీద 12 పక్షులు రాశామనుకుందాం. దూరపు భాగాల్లో కనబడినవి దగ్గరి భాగాల కన్నా ఎంత తక్కువో చూస్తే, ఉన్నవాటిలో ఎన్ని మన కంటపడ్డాయో తేలుతుంది. నాలుగు భాగాలుగా రాసేది అందుకే. 60 శాతం కనబడ్డాయనుకుంటే సాంద్రత చదరపు కిలోమీటరుకు 2.7. తెట్టు తుడుచుకుపోయిన వైశాల్యం 200 చదరపు కిలోమీటర్లయితే ప్రమాదంలో పడ్డ పక్షులు 540. ఇక్కడ వాడాల్సింది ఒకరోజు తెట్టు వైశాల్యం కాదు, అది ఉన్నన్నాళ్లూ కదిలి తాకిన మొత్తం వైశాల్యం. ఈ రెండింటినీ కలగాపులగం చేయడం వల్ల లెక్క ఎన్నో రెట్లు తగ్గిపోతుంది. ప్రమాదంలో పడ్డవన్నీ చావవు కూడా. నీటి మీద ఈదుతూ మునిగే పక్షికీ, పైనుంచి దూకి చేప పట్టే టెర్న్‌కూ వేరువేరు నిష్పత్తులు వేయాలి, వేసిన నిష్పత్తి ఏమిటో నివేదికలో రాయాలి.

విమానం గురించి ఒక మాట. కోస్ట్ గార్డ్ డోర్నియర్‌లు తెట్టు హద్దులు చూడటానికి ఎంతో పనికొస్తాయి. పక్షుల లెక్కకు 60-75 మీటర్ల ఎత్తున, 100 నాట్ల వేగంతో ఎగరాలి. ఆ ఎత్తులో గూడబాతులు, పెద్ద గల్‌లు తెలుస్తాయి, చిన్న టెర్న్‌లు ఏ జాతివో తెలియవు, చమురు అంటిందో లేదో అసలే తెలియదు. విమానం కడుపు కింది పట్టీ కిటికీలోంచి కనబడదు. డ్రోన్లు కొందామనేవారికి మా సలహా: ఆ డబ్బుతో ముందు నలుగురికి పడవ మీద లెక్కించడం నేర్పించండి.

దొరికిన కళేబరం కూడా సాక్ష్యమే. నైట్రైల్ గ్లోవ్స్ వేసుకుని చేతివలతో తీసి, అల్యూమినియం ఫాయిల్లో చుట్టాలి. నేరుగా ప్లాస్టిక్ సంచిలో వేస్తే ప్లాస్టిక్‌లోని రసాయనాలు నమూనాలో కలిసి, చమురు ఏ నౌకదో తేల్చే పరీక్షను చెడగొడతాయి. స్థానం, సమయం, తీసినవారి సంతకం ఉన్న చీటీ కట్టి మైనస్ 20 డిగ్రీల్లో ఉంచాలి. చమురు నమూనా గోధుమరంగు గాజుసీసాలో తీయాలి. ఇదంతా అటవీశాఖ అనుమతి ముందే చేతిలో ఉంటేనే సాధ్యం. ప్రాణాలతో దొరికిన పక్షిని పడవ మీదే షాంపూతో కడగడానికి ఎవరూ పూనుకోవద్దు; నీరసించి ఉన్న పక్షి కడుగుతుండగానే చనిపోతుంది. గాలి ఆడే అట్టపెట్టెలో, వెచ్చగా, చీకటిగా ఉంచి ఒడ్డుకు తేవాలి.

ఇవన్నీ ప్రమాదం జరిగాక నేర్చుకునేవి కావు. ఒలికిన తర్వాత చూసిన సాంద్రత ఎక్కువో తక్కువో చెప్పాలంటే మామూలు నెలల్లో ఎంత ఉంటుందో తెలిసి ఉండాలి. విశాఖలో ఫిషరీ సర్వే ఆఫ్ ఇండియా స్థావరం ఉంది, వారి నౌకలు సముద్రంలోకి వెళ్తూనే ఉంటాయి. వల వేయడానికి పోయే దారిలో పక్షుల పరిశీలకులిద్దరికి చోటిస్తే నెలనెలా లెక్క వస్తుంది, అదనంగా డీజిలు ఖర్చు కాదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధంలో మర బోట్లు జెట్టీల్లోనే ఉంటాయి కాబట్టి, ఆ రెండు నెలల్లో ప్రమాదం జరిగితే సర్వే బోటు కదలడానికి ఎవరి సంతకం కావాలో మత్స్యశాఖ ఇప్పుడే తేల్చి ఉత్తర్వు ఇవ్వాలి. విశాఖ, కాకినాడ, కృష్ణపట్నంలో ఒక్కో పెట్టె సిద్ధంగా ఉంచాలి: రెండు 8×42 బైనాక్యులర్లు, దారం కట్టిన స్కేళ్లు, జీపీఎస్, గ్యాస్ మీటరు, తడవని కాగితం మీద అచ్చేసిన ఫారాలు, పెన్సిళ్లు, ఫాయిల్, గాజుసీసాలు, గ్లోవ్స్, లైఫ్ జాకెట్లు. చమురు ఒలికిన కబురు అందగానే కోస్ట్ గార్డ్ ఫోన్ చేసే జాబితాలో ఒక్కో రేవుకు ఇద్దరు శిక్షణ పొందిన పరిశీలకుల నంబర్లు, ఒక బోటు సరంగు నంబరు ఉండాలి. ఆ జాబితాను ఏటా అక్టోబరులో, తుపాన్ల ముమ్మర కాలానికి ముందే, ఫోన్ చేసి సరిచూడాలి.

ఇట్లు,
సముద్రపక్షుల సర్వేలో పనిచేసే కొందరు,
విశాఖపట్నం